రివర్స్ ప్రాక్సీ వెనుక కంటెయినర్‌లో నడిచే జాంగో అప్లికేషన్: 502 మొదలు 403 వరకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒక ఉబుంటు సర్వర్‌పై డాకర్ కంపోజ్‌తో మూడు కంటెయినర్లు (ఒక్కో ప్రోగ్రాం తన ఫైళ్లతో విడిగా నడిచే పెట్టెలు) నడుస్తున్నాయి: ముందు ఇంజిన్‌ఎక్స్ (పాఠకుల అభ్యర్థనలను అందుకొని వెనుకకు పంపే రివర్స్ ప్రాక్సీ), దాని వెనుక గునికార్న్ అనే పైథాన్ అప్లికేషన్ సర్వర్‌పై నడిచే జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్, ఆ వెనుక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులను చేర్చుకొని వెతుక్కోవడానికి పెట్టుకున్న సైటు అది. కొత్త ఇమేజ్ (కంటెయినర్‌ను పుట్టించే మూస) ఎక్కించిన చాలా సందర్భాల్లో 502 బ్యాడ్ గేట్‌వే (వెనుక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదన్న ఎర్రర్) వస్తోంది, ఇంజిన్‌ఎక్స్‌ను రీస్టార్ట్ చేస్తే పోతోంది. హెచ్‌టీటీపీఎస్ పెట్టినప్పటి నుంచి లాగిన్ ఫారం 403 (అనుమతి లేదు) ఎర్రర్‌తో ఆగిపోతోంది. అప్లికేషన్ లాగ్‌లో పాఠకులందరి చిరునామా 172.18తో మొదలయ్యే ఒకే ఐపీగా నమోదవుతోంది. పీడీఎఫ్‌లు ఎక్కడం లేదు. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌లో మూసేసిన 8000 పోర్టు బయటి నుంచి మాత్రం తెరుచుకునే ఉంది.

వీటిని ఐదు వేర్వేరు లోపాలుగా పట్టుకొని ఒక్కొక్కదానికి ఒక్కో చిట్కా వేసుకుంటూ పోతే, రెండు నెలల తరువాత ఏ చిట్కా ఎందుకు వేశారో మీకే తెలియని కాన్ఫిగరేషన్ మిగులుతుంది. నా దృష్టిలో వీటిలో చాలావాటి వెనుక ఉన్నవి రెండే వాస్తవాలు. కంటెయినర్ చిరునామా శాశ్వతం కాదు. ప్రాక్సీ వెనుక ఉన్న అప్లికేషన్‌కు పాఠకుడు నేరుగా కనిపించడు. అతని గురించి ప్రాక్సీ ఏది చెబితే అదే దానికి తెలుస్తుంది, చెప్పనిది తెలియదు. ఈ రెండింటినీ దృష్టిలో ఉంచుకొని చూస్తే మిగిలినవి తేలికగానే విడిపోతాయి.

అయితే అన్నిటికన్నా ముందు ఈ రోజే చేయవలసిన పని 8000 పోర్టును మూయడం. కంపోజ్ ఫైలులో మీ అప్లికేషన్ సర్వీసు కింద పోర్ట్స్ అనే చోట 8000:8000 అని ఉంది. అలా రాస్తే డాకర్ ఆ పోర్టును సర్వర్‌లోని అన్ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసులపైనా తెరుస్తుంది, అందుకోసం ఐపీటేబుల్స్ అనే లైనక్స్ ప్యాకెట్ నియమాల్లోని నాట్ (చిరునామాలు మార్చే) పట్టికలో తన నియమాలను తానే రాసుకుంటుంది. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ గమ్యం అక్కడే కంటెయినర్ చిరునామాగా మారిపోతుంది కాబట్టి అది ఫార్వర్డ్ (సర్వర్ గుండా ఇంకొకచోటికి వెళ్లే) మార్గంలో వెళుతుంది. మీరు యూఎఫ్‌డబ్ల్యూలో రాసిన నియమాలు ఉన్నది ఇన్‌పుట్ (సర్వర్‌కే వచ్చే) మార్గంలో. వాటి దాకా ఆ ప్యాకెట్ రానే రాదు. యూఎఫ్‌డబ్ల్యూ చెడిపోలేదు, దాన్ని ఎవరూ అడగడం లేదు, అంతే. ఫలితంగా ఎవరైనా ప్రాక్సీని దాటవేసి నేరుగా మీ గునికార్న్‌తో మాట్లాడవచ్చు, నచ్చిన హెడర్లను (అభ్యర్థనతో వెళ్లే సమాచార వరుసలను) పంపవచ్చు. కింద చెప్పబోయే హెడర్ల నమ్మకం మొత్తం ఈ దారి మూసి ఉందన్న భరోసాపైనే నిలబడుతుంది కనుకనే దీన్ని ముందు పెట్టాను.

పరిష్కారం చిన్నది. అప్లికేషన్ సర్వీసు నుంచి పోర్ట్స్ భాగాన్ని పూర్తిగా తీసివేయండి. ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉన్న కంటెయినర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పోర్టును బయటికి తెరవవలసిన అవసరమే లేదు. బయటికి తెరవవలసినవి ఇంజిన్‌ఎక్స్ తాలూకు 80, 443 మాత్రమే. పరీక్ష కోసం సర్వర్ మీద నుంచి అప్లికేషన్‌ను నేరుగా పిలవాలనుకుంటే 127.0.0.1:8000:8000 అని రాయండి. డాకర్ ఇంజిన్ 28.0.0 కన్నా పాతదైతే, ఒకే స్విచ్‌కు కలిపి ఉన్న పక్క యంత్రాలు అలా లోకల్‌హోస్ట్‌కు కట్టిన పోర్టును కూడా చేరగలిగేవి. కాబట్టి వెర్షన్ చూసుకోండి. పోస్ట్‌గ్రెస్ సర్వీసు కింద 5432 కూడా ఇలాగే తెరిచి ఉందేమో ఇప్పుడే చూడండి. వీలైతే నెట్‌వర్కులను రెండుగా విడదీయండి: ఒకదానిలో ఇంజిన్‌ఎక్స్, అప్లికేషన్, ఇంకొకదానిలో అప్లికేషన్, పోస్ట్‌గ్రెస్. రెండవదానికి ఇంటర్నల్ అన్న గుర్తు పెడితే డేటాబేస్‌కు బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ ఉండదు.

ఇక 502. ఈ అంకెను చూసి ఏదీ నిర్ణయించవద్దు, ఎందుకంటే ఇంజిన్‌ఎక్స్ దీన్ని చాలా కారణాలకు ఇస్తుంది. అసలు కారణం దాని ఎర్రర్ లాగ్‌లో ఒక్క వరుసలో ఉంటుంది. ఆ వరుసలో కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని, పక్కన 111 అని ఉంటే, చిరునామా వరకు చేరింది గాని ఆ పోర్టుపై వినేవారు లేరు. నో రూట్ టు హోస్ట్ అని, 113 అని ఉంటే, ఆ చిరునామాలో ఇప్పుడు ఎవరూ లేరు. అప్‌స్ట్రీమ్ (ప్రాక్సీ వెనుక ఉన్న సర్వర్) ప్రిమెచ్యూర్‌లీ క్లోజ్డ్ కనెక్షన్ అని ఉంటే, అప్లికేషన్ అభ్యర్థనను అందుకుంది గాని జవాబు ఇవ్వకముందే ఆ పని చేస్తున్న వర్కర్ (గునికార్న్ నడిపే పని ప్రాసెస్) ఆగిపోయింది. మొదటి రెండూ చిరునామాకు, పోర్టుకు సంబంధించినవి. మూడవది మీ అప్లికేషన్ లోపలి విషయం, ప్రాక్సీని ఎంత మార్చినా అది పోదు.

మీరు పంపిన ఎర్రర్ లాగ్ వరుసలో 113 ఉంది, దానితో పాటు 172.18.0.4 అనే చిరునామా ఉంది. ఇప్పుడు డాకర్ ఇన్‌స్పెక్ట్‌తో అప్లికేషన్ కంటెయినర్ చిరునామా చూస్తే అది వేరుగా ఉండాలి. జరుగుతున్నది ఇది: అభ్యర్థనను ఎవరికి పంపాలో చెప్పే ప్రాక్సీ పాస్ వరుసలో మీరు సర్వీసు పేరు రాశారు, అది సరైనదే, కానీ ఇంజిన్‌ఎక్స్ ఆ పేరును తాను మొదలైనప్పుడు, లేదా కాన్ఫిగరేషన్‌ను మళ్లీ చదివినప్పుడు మాత్రమే ఐపీగా మార్చుకొని, ఆ తరువాత ఆ ఐపీనే పట్టుకొని ఉంటుంది. మీరు కొత్త ఇమేజ్‌తో కంపోజ్ అప్ చేసినప్పుడు పాత కంటెయినర్ తొలగిపోయి కొత్తది పుడుతుంది, దానికి కొత్త చిరునామా రావచ్చు. కొన్నిసార్లు పాత చిరునామానే తిరిగి వస్తుంది, అప్పుడు అంతా బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. అందుకే ఈ లోపం ఒకసారి వస్తూ ఒకసారి రాకుండా సతాయిస్తుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన సందర్భం ఏమిటంటే, విడిచిన ఆ పాత చిరునామా అదే నెట్‌వర్క్‌లోని వేరే కంటెయినర్‌కు దక్కడం. అప్పుడు ఒక సైటుకు వచ్చిన పాఠకుడికి ఇంకో సైటు పేజీ కనిపించే అవకాశం కూడా ఉంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, కొత్త ఇమేజ్ ఎక్కించే స్క్రిప్ట్ చివర ఇంజిన్‌ఎక్స్‌కు రీలోడ్ సంకేతం పంపడం. రీలోడ్‌లో పేర్లు మళ్లీ వెతకబడతాయి, నడుస్తున్న కనెక్షన్లు తెగవు, అందువల్ల రీస్టార్ట్ కన్నా ఇది ఎంతో మేలు. రీలోడ్‌కు ముందు మైనస్ టీ ఆప్షన్‌తో కాన్ఫిగరేషన్‌ను సరిచూడటం మానవద్దు. రెండవది, పేరును ఎప్పటికప్పుడు వెతకమని ఇంజిన్‌ఎక్స్‌కే చెప్పడం. మీరు సృష్టించుకున్న ప్రతి డాకర్ నెట్‌వర్క్‌లోనూ 127.0.0.11 అనే చిరునామాలో డాకర్ సొంత డీఎన్ఎస్ (పేర్లను ఐపీలుగా మార్చే సేవ) పనిచేస్తుంది. రిజాల్వర్ అనే డైరెక్టివ్‌లో (కాన్ఫిగరేషన్ ఆదేశంలో) ఆ చిరునామా ఇచ్చి, వ్యాలిడ్ విలువను 10 సెకన్లుగా పెట్టి, సర్వీసు పేరును సెట్ డైరెక్టివ్‌తో ఒక వేరియబుల్‌లో ఉంచి, ప్రాక్సీ పాస్‌లో ఆ వేరియబుల్‌ను వాడితే, పేరు అభ్యర్థన సమయంలో వెతకబడుతుంది. ఇలా చేసేటప్పుడు ప్రాక్సీ పాస్ చివర స్లాష్ గాని, వేరే పాత్ గాని పెట్టకండి. వేరియబుల్ ఉన్నప్పుడు అక్కడ రాసిన పాత్ అసలు అభ్యర్థనలోని పాత్‌కు బదులుగా యథాతథంగా వెళ్లిపోతుంది, చివర స్లాష్ పెడితే ఏ పేజీ అడిగినా హోం పేజీయే వస్తుంది. ఇంజిన్‌ఎక్స్ 1.27.3 నుంచి అప్‌స్ట్రీమ్ బ్లాకులోని సర్వర్ వరుసకు రిజాల్వ్ అన్న మాటను చేర్చే వీలు ఉచిత వెర్షన్‌లోనూ వచ్చింది. అదే బ్లాకులో జోన్ (వర్కర్లు పంచుకునే మెమరీ భాగం) కూడా ఇవ్వాలి. మీ వెర్షన్ అంతకన్నా కొత్తదైతే ఆ పద్ధతే శుభ్రంగా ఉంటుంది. కంపోజ్‌లో ప్రతి కంటెయినర్‌కు స్థిరమైన ఐపీ రాసిపెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను ఇవ్వను. పేర్లతో తీరే పనికి అంకెలను చేతితో నిర్వహించడం అనవసరమైన భారం, పైగా అప్లికేషన్‌ను రెండు ప్రతులుగా నడపాలనుకున్న రోజున అది అడ్డం వస్తుంది.

111 వస్తే చూడవలసినవి వేరు. గునికార్న్‌కు ఏమీ చెప్పకపోతే అది 127.0.0.1పై 8000 పోర్టులో వింటుంది. కంటెయినర్‌లో 127.0.0.1 అంటే ఆ కంటెయినరే, సర్వర్ కాదు, పక్క కంటెయినర్ అంతకన్నా కాదు. కాబట్టి గునికార్న్ ఎక్కడ వినాలో చెప్పే బైండ్ విలువ 0.0.0.0:8000 అని ఉండాలి. అలాగే ప్రాక్సీ పాస్‌లో రాయవలసినది కంటెయినర్ లోపలి పోర్టు. పోర్ట్స్ వరుసలో ఎడమ పక్కన రాసే బయటి పోర్టుకు ఈ సంభాషణలో పాత్ర లేదు.

చిరునామా సంగతి సర్దుకున్నాక కూడా కొత్త కంటెయినర్ లేచే కొద్ది సెకన్లలో 502 కనిపిస్తుంది. ఒకే ప్రతి నడుపుతున్నంత కాలం ఆ విరామాన్ని తగ్గించగలం గాని తీసేయలేం. అయితే ఆగిపోయే కంటెయినర్ తన చేతిలో ఉన్న పనిని ముగించి ఆగేలా మాత్రం చూసుకోవచ్చు, దీన్ని చాలామంది పట్టించుకోరు. డాకర్ ఒక కంటెయినర్‌ను ఆపేటప్పుడు ముందు సిగ్‌టర్మ్ (పని ముగించి ఆగమనే సంకేతం) పంపి, 10 సెకన్లు ఆగి, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్ (వెంటనే చంపే సంకేతం) పంపుతుంది. గునికార్న్ మాత్రం సిగ్‌టర్మ్ అందాక నడుస్తున్న అభ్యర్థనలను ముగించడానికి 30 సెకన్ల వరకు వేచి ఉంటుంది. ఆ 30 ఈ 10లో ఇమడదు కాబట్టి కంపోజ్‌లో స్టాప్ గ్రేస్ పీరియడ్‌ను 35 సెకన్లు చేయండి. ఇంకొక సంగతి: మీ ఎంట్రీపాయింట్ (కంటెయినర్ మొదలవగానే నడిచేది) షెల్ స్క్రిప్ట్ అయితే దాని చివరి వరుస ఎగ్జెక్ గునికార్న్ అని ఉండాలి. ఎగ్జెక్ లేకపోతే కంటెయినర్‌లో మొదటి ప్రాసెస్‌గా షెల్ మిగిలి, సిగ్‌టర్మ్ దానికే అంది, గునికార్న్‌కు చేరదు. కంటెయినర్ ఎగ్జిట్ కోడ్ 137 అని కనిపిస్తే అది 128కి 9 కలిపిన అంకె, అంటే సిగ్‌కిల్‌తో పోయింది. ప్రతిసారీ కంటెయినర్ ఆగడానికి సరిగ్గా 10 సెకన్లు పట్టి ఈ కోడ్ వస్తుంటే ముందుగా ఈ ఎగ్జెక్‌నే అనుమానించండి. మెమరీ చాలక కెర్నెల్ చంపినా ఇదే కోడ్ వస్తుంది గనుక ఇన్‌స్పెక్ట్‌లో ఓఓఎం కిల్డ్ అన్న విలువను కూడా చూడాలి.

ఇప్పుడు 403 దగ్గరకు వద్దాం. మీ బ్రౌజర్ ఇంజిన్‌ఎక్స్‌తో హెచ్‌టీటీపీఎస్‌లో మాట్లాడుతుంది, ఇంజిన్‌ఎక్స్ జాంగోతో మామూలు హెచ్‌టీటీపీలో మాట్లాడుతుంది. జాంగోకు తెలిసింది రెండవ సంభాషణే. జాంగో 4.0 నుంచి సీఎస్ఆర్ఎఫ్ (వేరే సైట్ల నుంచి వచ్చే నకిలీ ఫారాలను ఆపే) తనిఖీలో ఆరిజిన్ హెడర్‌ను కూడా పోల్చడం మొదలైంది: బ్రౌజర్ ఆ హెడర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే మీ సైటు పేరు పంపుతుంది, జాంగో మాత్రం తనకు వచ్చిన అభ్యర్థన హెచ్‌టీటీపీ అనుకొని, హెచ్‌టీటీపీతో మొదలయ్యే పేరును తయారుచేసి పోలుస్తుంది. రెండూ కలవవు. ఆరిజిన్ చెకింగ్ ఫెయిల్డ్ అన్న మాటతో 403 ఇస్తుంది. మీ డీబగ్ పేజీలో కనిపించిన వాక్యం అదే.

ఇక్కడ ఎక్కువమంది సీఎస్ఆర్ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్ జాబితాలో సైటు పేరు చేర్చి ఊరుకుంటారు. లాగిన్ పనిచేస్తుంది. కానీ జాంగో ఇంకా తాను హెచ్‌టీటీపీలోనే ఉన్నాననుకుంటోంది. పాస్‌వర్డ్ మార్చుకునే ఈమెయిల్‌లో తయారయ్యే లింకు హెచ్‌టీటీపీతోనే వెళుతుంది, హెచ్‌టీటీపీ అభ్యర్థనలను హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించే సెక్యూర్ ఎస్ఎస్ఎల్ రీడైరెక్ట్ ఆన్ చేసిన రోజున పేజీ తన దగ్గరకే తాను మళ్లించుకుంటూ అంతులేని చక్రంలో పడుతుంది. జబ్బుకు మందు వేయాలి గాని నొప్పికి కాదు. ఇంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ సెట్ హెడర్‌తో ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో అనే హెడర్‌కు స్కీమ్ వేరియబుల్ విలువను ఇవ్వండి. జాంగో సెట్టింగుల్లో సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్ విలువను ఆ హెడర్ పేరు (జాంగో రాసే రూపంలో, HTTP_X_FORWARDED_PROTO), హెచ్‌టీటీపీఎస్ అన్న మాట, ఈ రెండింటి జతగా పెట్టండి. హోస్ట్ హెడర్‌ను కూడా పంపాలి, ఎందుకంటే చెప్పకపోతే ఇంజిన్‌ఎక్స్ పాఠకుడు అడిగిన పేరును కాక ప్రాక్సీ పాస్‌లో రాసిన పేరును హోస్ట్‌గా పంపుతుంది; అప్పుడు అలౌడ్ హోస్ట్స్ (జాంగో ఒప్పుకునే సైటు పేర్ల జాబితా) తనిఖీ 400 ఎర్రర్‌తో ఆగుతుంది. ఆ 400ను తప్పించడానికి అలౌడ్ హోస్ట్స్‌లో నక్షత్రం గుర్తు పెట్టడం మాత్రం చేయకండి. ఒక జాగ్రత్త: ఈ సెక్యూర్ ప్రాక్సీ సెట్టింగు ఆ హెడర్‌ను గుడ్డిగా నమ్ముతుంది. ప్రాక్సీ ఆ హెడర్‌ను ప్రతిసారీ తానే రాస్తుందని, ప్రాక్సీని దాటి ఎవరూ రాలేరని తేలిన తరువాతే దాన్ని ఆన్ చేయాలి. 8000 పోర్టును ముందు మూయమన్నది ఇందుకే.

మీ కాన్ఫిగరేషన్‌లో నాకు కనిపించిన ఇంకొక ఉచ్చు ఇది. హోస్ట్, ప్రోటో, పాఠకుడి చిరునామా అనే మూడు హెడర్లనూ సర్వర్ బ్లాకులో రాస్తే బాగానే ఉంటుంది; కానీ వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌తో తెరిచి ఉంచే కనెక్షన్) కోసం పెట్టిన లొకేషన్ బ్లాకులో అప్‌గ్రేడ్, కనెక్షన్ అనే రెండు హెడర్లను మళ్లీ ప్రాక్సీ సెట్ హెడర్‌తో రాశారు. ఇంజిన్‌ఎక్స్‌లో ఈ డైరెక్టివ్ పై స్థాయి నుంచి కింది స్థాయికి రావాలంటే కింది స్థాయిలో అదే డైరెక్టివ్ ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక్కటి రాసినా పైవన్నీ ఆ లొకేషన్‌కు రద్దవుతాయి. అంటే వెబ్‌సాకెట్ మార్గంలో హోస్ట్, ప్రోటో, పాఠకుడి చిరునామా, మూడూ పోతాయి. ఉమ్మడి హెడర్లను ఒక చిన్న ఫైలులో పెట్టి, ప్రతి లొకేషన్‌లోనూ ఇన్‌క్లూడ్ చేసుకోవడం నేను ఎప్పుడూ పాటించే పద్ధతి. చూసే మనిషికి కూడా ఏది ఎక్కడ వర్తిస్తోందో వెంటనే తెలుస్తుంది.

పాఠకుడి ఐపీ విషయంలో ముందు ఒక తేడా గమనించాలి. జాంగో లాగ్‌లో 172.18 కనిపించడం సహజం, అది ఇంజిన్‌ఎక్స్ కంటెయినర్ చిరునామా. ఇంజిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్‌లో అసలు ఐపీలు కనిపిస్తున్నాయా అన్నది అసలు ప్రశ్న. అక్కడ సరిగ్గా ఉంటే ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ హెడర్‌ను పంపి, అప్లికేషన్‌లో దాన్ని చదివితే చాలు. ఇంటర్నెట్టుకు, మీ అప్లికేషన్‌కు మధ్య ఉన్నది ఒకే ప్రాక్సీ అయితే, ఆ హెడర్‌కు రిమోట్ యాడ్రస్ వేరియబుల్‌ను నేరుగా ఇవ్వమంటాను. చాలా ఉదాహరణల్లో కనిపించే ప్రాక్సీ యాడ్ ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ అనే వేరియబుల్, పాఠకుడు పంపిన విలువను అలాగే ఉంచి చివర కొత్త ఐపీని జోడిస్తుంది. అప్లికేషన్ ఆ జాబితాలో ఎడమ చివరి ఐపీని తీసుకుంటే, ఎవరైనా తమకు ఇష్టమైన అంకెను ముందే రాసి పంపవచ్చు. లాగిన్ ప్రయత్నాలపై మీరు పెట్టిన పరిమితి అప్పుడు కాగితం మీదే ఉంటుంది. ముందు సీడీఎన్ (సైటు ముందు నిలిచి పేజీలను పంచే సర్వర్ల నెట్‌వర్క్) ఉంటే పరిస్థితి మారుతుంది: అప్పుడు రియల్ ఐపీ మాడ్యూల్‌తో ఆ సీడీఎన్ చిరునామాల శ్రేణులను మాత్రమే నమ్మదగినవిగా ప్రకటించి, జాబితాను కుడి నుంచి చదవాలి.

ఇంజిన్‌ఎక్స్ లాగ్‌లోనే కొందరు పాఠకులు 172.18.0.1గా కనిపిస్తే కథ వేరు. అది డాకర్ నెట్‌వర్క్ గేట్‌వే. మీ డొమైన్‌కు ఐపీవీ6 రికార్డు ఉండి, డాకర్ నెట్‌వర్క్‌లో ఐపీవీ6 ఆన్ చేయకపోతే, ఐపీవీ6లో వచ్చిన కనెక్షన్‌ను డాకర్ తన యూజర్‌ల్యాండ్ ప్రాక్సీ ద్వారా ఐపీవీ4లోకి మార్చి పంపుతుంది, ఆ మార్పులో అసలు చిరునామా పోతుంది. మన దేశపు మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 వాడకం చాలా ఎక్కువ కాబట్టి, ఆఫీసు నుంచి చూసినప్పుడు ఐపీలు సరిగ్గా ఉండి, ఫోన్ల నుంచి వచ్చేవారు మాత్రం ఒకే ఐపీగా కనిపించడం ఈ లోపానికి స్పష్టమైన గుర్తు. నెట్‌వర్క్‌లో ఐపీవీ6ను ఆన్ చేయాలి, లేదా ఆ పని చేసేవరకు ఆ డీఎన్ఎస్ రికార్డును తీసివేయాలి.

పీడీఎఫ్‌లు ఎక్కకపోవడానికి కారణం క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్. చెప్పకపోతే అది 1 ఎంబీ, దాటితే 413 (అభ్యర్థన మరీ పెద్దది) ఎర్రర్. స్కాన్ పుస్తకాలకు 200 ఎంబీ పెట్టండి, కానీ సైటు మొత్తానికి కాక అప్‌లోడ్ లొకేషన్‌కు మాత్రమే. ఇంజిన్‌ఎక్స్ మామూలుగా అప్‌లోడ్ మొత్తాన్ని ముందు తన దగ్గర తాత్కాలిక ఫైలులో చేర్చుకొని, పూర్తయ్యాకే అప్లికేషన్‌కు అందిస్తుంది. ఊళ్లో నెమ్మదైన కనెక్షన్‌పై ఒక పాఠకుడు అరగంట సేపు పుస్తకం ఎక్కిస్తున్నా, మీకున్న కొద్దిపాటి గునికార్న్ వర్కర్లలో ఒక్కటి కూడా అంతసేపు ఇరుక్కోదు. ప్రాక్సీ రిక్వెస్ట్ బఫరింగ్‌ను ఆపేయమని ఎక్కడైనా చదివితే, ఈ లాభాన్ని వదులుకుంటున్నారని గుర్తుంచుకోండి. అప్‌లోడ్ పూర్తయ్యాక పీడీఎఫ్‌ను పేజీలుగా విడగొట్టే పని 30 సెకన్లు దాటితే గునికార్న్ ఆ వర్కర్‌ను చంపుతుంది, అప్పుడే ఆ ప్రిమెచ్యూర్‌లీ క్లోజ్డ్ 502 వస్తుంది. ఇంజిన్‌ఎక్స్ తన 60 సెకన్ల ప్రాక్సీ రీడ్ టైమ్‌అవుట్ దాటాక ఇచ్చేది 504 (సమయం మించింది). రెండు అంకెలనూ పెంచుకుంటూ పోవడం కన్నా ఆ పనిని వెనుక విడిగా చేసే సెలరీ (Celery) వంటి క్యూకు అప్పగించడం నా సలహా.

తెలుగు సైటు కాబట్టి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఇంగ్లిషు ట్యుటోరియళ్లలో ఇది కనబడదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక గుర్తుకు ఇచ్చిన సంఖ్య) 3 బైట్లు. యూఆర్ఎల్‌లో పర్సెంట్ ఎన్‌కోడింగ్ అయ్యాక అది 9 అక్షరాలవుతుంది. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే “తె”లో రెండు కోడ్‌పాయింట్లున్నాయి, అంటే 18. గునికార్న్ అభ్యర్థన మొదటి వరుసను 4094 బైట్ల వరకే అనుమతిస్తుంది, కాబట్టి దాదాపు 450 కోడ్‌పాయింట్ల తెలుగు పాఠాన్ని వెతుకుడు పెట్టెలో అతికించిన పాఠకుడికి ఫలితాలకు బదులు ఎర్రర్ వస్తుంది. పద్యం ఒకటి, దాని టీక కొంత కలిపి అతికిస్తే ఈ పరిమితి చేరడం కష్టమేమీ కాదు. గునికార్న్‌లో లిమిట్ రిక్వెస్ట్ లైన్‌ను 8190కి పెంచండి. ఇంజిన్‌ఎక్స్ పక్కన లార్జ్ క్లయింట్ హెడర్ బఫర్లు మామూలుగా 8 కేబీ ఉంటాయి గనుక రెండూ సరిపోలుతాయి. ఇక మీరు అనుకుంటున్నట్లు .భారత్ డొమైన్ తీసుకుంటే, బ్రౌజర్ హోస్ట్ హెడర్‌లో తెలుగు లిపిని పంపదు, ఎక్స్ ఎన్ అక్షరాలతో, రెండు గీతలతో మొదలయ్యే పునీకోడ్ రూపాన్ని (అదే పేరును ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చినదాన్ని) పంపుతుంది. సర్వర్ నేమ్‌లోనూ అలౌడ్ హోస్ట్స్‌లోనూ ఆ రూపమే రాయాలి.

సీఎస్ఎస్ మార్చినా పాతదే వస్తోందని చివరలో ఒక వాక్యం రాశారు. జాంగో స్టాటిక్ ఫైళ్లను ఇంజిన్‌ఎక్స్‌తో పంచుకోవడానికి మీరు పెట్టిన నేమ్డ్ వాల్యూమ్‌లో (కంటెయినర్ పోయినా మిగిలే, పేరున్న డాకర్ నిల్వలో) కారణముంది. ఖాళీ నేమ్డ్ వాల్యూమ్‌ను తగిలించినప్పుడు డాకర్ ఇమేజ్‌లోని ఫైళ్లను అందులోకి కాపీ చేస్తుంది, కానీ అది మొదటిసారి మాత్రమే. ఆ తరువాత ఎన్ని కొత్త ఇమేజ్‌లు వచ్చినా వాల్యూమ్‌లో ఉన్నవి పాతవే, అవే ఇమేజ్‌లోని కొత్తవాటిని కప్పేస్తాయి. స్టాటిక్ ఫైళ్లను ఒకచోట చేర్చే కలెక్ట్ స్టాటిక్ ఆదేశాన్ని బిల్డ్ సమయంలో కాక కంటెయినర్ మొదలయ్యేటప్పుడు నడపండి, లేదా జాంగోయే ఆ ఫైళ్లను పంపేలా చేసే వైట్‌నాయిస్ లైబ్రరీ పెట్టుకొని వాల్యూమ్‌నే తీసేయండి. మీ స్థాయి సైటుకు రెండవదే నాకు నచ్చుతుంది. దీనికి దగ్గరి చుట్టమైన ఇంకొక చిక్కు: ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్‌ను ఒక్క ఫైలుగా బైండ్ మౌంట్ చేస్తే (సర్వర్‌లోని ఫైలును కంటెయినర్‌లో కనిపించేలా పెడితే), విమ్ వంటి ఎడిటర్లు చాలాసార్లు ఫైలును సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి పాతదాని పేరు దానికి పెడతాయి; కంటెయినర్ మాత్రం పాత ఐనోడ్‌నే (డిస్కుపై ఉన్న పాత ఫైలునే) చూస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు రీలోడ్ చేసినా మార్పు కనబడదు. ఫైలును కాకుండా డైరెక్టరీని మౌంట్ చేస్తే ఈ బాధ లేదు.

సర్టిఫికెట్ గురించి కొద్దిగానే చెబుతాను. ఉచితంగా హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా ఇచ్చే సర్టిఫికెట్ 90 రోజులది. సర్ట్‌బాట్ (సర్టిఫికెట్లు తెచ్చే ప్రోగ్రాం) దాన్ని పొడిగించినా, ఇంజిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయకపోతే అది మెమరీలోని పాత సర్టిఫికెట్‌నే చూపుతూ ఉంటుంది. పొడిగింపు తరువాత సర్ట్‌బాట్ నడిపే డిప్లాయ్ హుక్‌లో రీలోడ్ పెట్టండి. గడువు దగ్గరపడుతోందని ఈమెయిల్ పంపే సేవను ఆ సంస్థ 2025 జూన్‌లో ఆపేసింది గనుక గడువుపై సొంత నిఘా అవసరం. సర్టిఫికెట్లను వాల్యూమ్‌లో ఉంచండి. కంటెయినర్ లోపలే ఉంచి, ప్రతి రిలీజుకూ కొత్తది అడిగితే, ఒకే పేర్ల జాబితాకు 7 రోజుల్లో 5 అన్న పరిమితి త్వరలోనే తగులుతుంది. పరీక్షలకు స్టేజింగ్ సర్వర్ వాడండి.

డాకర్ లాగ్ ఫైళ్లకు జేసన్ ఫైల్ డ్రైవర్‌లో మామూలుగా పరిమాణ పరిమితి లేదు. మ్యాక్స్ సైజ్ 10 ఎంబీ, మ్యాక్స్ ఫైల్ 5 అని ప్రతి సర్వీసుకూ పెట్టండి, లేకపోతే ఒకనాడు డిస్కు నిండి పోస్ట్‌గ్రెస్ రాయడం ఆపేస్తుంది. యాక్సెస్ లాగ్ ఫార్మాట్‌కు అప్‌స్ట్రీమ్ యాడ్రస్, అప్‌స్ట్రీమ్ స్టేటస్, అప్‌స్ట్రీమ్ రెస్పాన్స్ టైమ్, రిక్వెస్ట్ టైమ్ అనే నాలుగు వేరియబుళ్లను చేర్చండి. రిక్వెస్ట్ టైమ్ ఎక్కువగా, అప్‌స్ట్రీమ్ సమయం తక్కువగా ఉంటే ఆలస్యం పాఠకుడి కనెక్షన్‌లో ఉంది. రెండూ ఎక్కువగా ఉంటే మీ అప్లికేషన్‌లో ఉంది.

ఇంజిన్‌ఎక్స్‌ను వదిలి ట్రాఫిక్ (Traefik) అనే ఇంకొక రివర్స్ ప్రాక్సీకి మారాలా అని కూడా అడిగారు. అది కంటెయినర్ల పుట్టుకను, పోకను డాకర్ నుంచే వింటుంది కాబట్టి చిరునామా మారే సమస్య దానికి లేదు. కాడీ (Caddy) అనే మరో ప్రాక్సీ అయితే సర్టిఫికెట్లను తానే తెచ్చుకుంటుంది, ఫార్వర్డెడ్ హెడర్లను చెప్పకుండానే పంపుతుంది. ఒకే సైటు, ఒకే సర్వర్ అయితే, ఇప్పటికే ఉన్న ఇంజిన్‌ఎక్స్‌ను పై విధంగా సరిచేసుకోవడమే చాలు. పది సైట్లు వచ్చిపోతూ ఉండే సర్వర్ అయితే ట్రాఫిక్ నిజంగా శ్రమ తగ్గిస్తుంది. కానీ ట్రాఫిక్ కోసం డాకర్ సాకెట్‌ను (డాకర్‌కు ఆదేశాలు వెళ్లే దారిని) ఆ కంటెయినర్‌లోకి మౌంట్ చేయమని చెప్పే ఉదాహరణలను అలాగే కాపీ చేయవద్దు. ఇంటర్నెట్టుకు ఎదురుగా నిలబడే కంటెయినర్‌కు ఆ సాకెట్ ఇవ్వడమంటే, అందులోకి చొరబడినవారికి సర్వర్ రూట్ అధికారం ఇచ్చినట్టే. రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా సాకెట్ ద్వారా వెళ్లే ఏపీఐ ఆదేశాలు ఆగవు. మధ్యలో ఒక సాకెట్ ప్రాక్సీ కంటెయినర్ పెట్టి, కంటెయినర్ల జాబితా చదవడం వంటి అవసరమైన ఏపీఐ పిలుపులను మాత్రమే అనుమతించి, ఆ సాకెట్ ప్రాక్సీని ట్రాఫిక్‌తో మాత్రమే పంచుకునే ఇంటర్నల్ నెట్‌వర్క్‌లో ఉంచండి.